గ్లౌజులు తొడుక్కుని నొక్కు

"యాప్‌లో బటన్లు ఎంత పెద్దగా ఉండాలో ఏ డిజైన్ డాక్యుమెంట్లోనూ లేదే! అందుకే నేనే ముచ్చటగా చిన్నవి చేశాను," అన్నాడు డేమియన్.

కెనడాలోని విన్నిపెగ్‌లో ముసలివాళ్ల వాకిళ్లలో మంచు ఎత్తిపోసే వాలంటీర్ల కోసం థోరా ఉచితంగా నడిపే యాప్ అది. ఎనిమిదేళ్లు బ్యాంకులకు ప్రోగ్రాములు రాసిన డేమియన్, మొన్ననే ఇంత చలి ఎరగని వాంకూవర్ నుంచి వచ్చి, ఇందులో చేరతానని తయారయ్యాడు.

థోరా తన మందపాటి గ్లౌజులు అతని చేతిలో పెట్టి, బయటికి తోసింది. బయట చలి మైనస్ ముప్పై డిగ్రీలు.

"ఇదే డాక్యుమెంటు. తొడుక్కో. ఓలాఫ్సన్ తాత మంచు తీయడానికి మనిషి కావాలని యాప్‌లో అడుగుతున్నాడు. 'కుదరదు' అని నొక్కు."

నొక్కాడు. ఫోను టింగుమంది: 'ధన్యవాదాలు! పది గంటలకు మీరు వస్తున్నారు.'

"అయ్యో, నేను నొక్కింది అది కాదండీ!"

"పోయినేడాది ఒకాయన ఇలాగే 'కుదరదు' అనబోయి 'వస్తాను' నొక్కాడు. ఆస్పత్రికి వెళ్లాల్సిన ఒక తాత, మంచు తీసే మనిషి కోసం చూస్తూ రెండు గంటలు గుమ్మంలోనే కూర్చున్నాడు. అప్పుడే బటన్లు పెద్దవి చేశాను."

డేమియన్ ముఖం వాడిపోయింది. "ఈ మాట రాసి పెట్టొచ్చుగా?"

"రాస్తే నమ్మేవాడివా?"

"...లేదు. బటన్లు మళ్లీ పెద్దవి చేసేస్తాను. నన్ను చేర్చుకుంటారా?"

థోరా పకపకా నవ్వి, పార అందించింది.

"నీ చేత్తో నువ్వే నొక్కి చేరావు కదయ్యా! పద, పది కావస్తోంది."