చెట్టెక్కని సారు

సారంగాపూర్‌లో ఎక్కడ పొగ లేచినా జనం తాటిచెట్టు మీద కల్లు గీసే కొమురెల్లి వైపే చూసేవారు.

ఇరవై ఏళ్లుగా అతను పైనుంచి కేకేసి చెప్పిందే వార్త. అంత ఎత్తునుంచి మాట్లాడే మనిషి ఊళ్లో మరొకడు లేడు మరి!

ఈ వేసవిలో గుట్ట మీద అడవి అంటుకుంది.

"భయం లేదు, పొగ అవుతలికే పోతుంది!" అని కొమురెల్లి చెట్టు మీంచి అరిచాడు.

అదే గంటలో గీత కార్మికుల వాట్సాప్ గ్రూపులో ఒక శాటిలైట్ ఫోటో పడింది. గుట్ట మీద ఎర్ర చుక్కలు, సన్నటి పొగ చార, పక్కన వేలితో గీసిన బాణం.

"గాలి తిరుగుతోంది. మంట మీ తాటివనం వైపు వస్తుంది. చుట్టూ ఎండుగడ్డి తీసేయండి."

అందరూ పరిగెత్తి తీసేశారు. మంట నిజంగానే వచ్చి, అంచు దగ్గర ఆగిపోయింది. వనం దక్కింది.

పంపిందెవరో తెలియదు. డీపీలో భూగోళం బొమ్మ ఉంది. దాంతో 'శాటిలైట్ సారు' అని పేరు పెట్టేశారు.

అప్పటినుంచి రోజూ, సరిగ్గా సాయంత్రం చెట్లెక్కే వేళకు ముందు, ఆ సారు ఫోటో వచ్చేది. దుమ్ము ఎటు లేస్తోందో, ఎప్పుడు చెట్టెక్కకూడదో అందులో ఉండేది.

అడవి మంట ఆరింది గానీ కొమురెల్లి కడుపుమంట ఆరలేదు. ఇప్పుడు చెట్టు కింద నిలబడి అతన్ని అడిగేవాళ్లే లేరు.

"అన్నా, సారు ఫోటో చూసినవా?" అన్నాడు తమ్ముడు భాస్కర్.

"ఏం సారురా! ఏసీ రూముల కూసుండి ఫోటోలు పంపుడు ఎవనికి రాదు? ఒక్కనాడన్న తాటిచెట్టు ఎక్కిండా వాడు?"

"పొగ అవుతలికి పోతుందని నువ్వే అంటివి గదనే..."

ఆ మాట తగలరాని చోట తగిలింది. గ్రూపు అడ్మిన్ కొమురెల్లే. ఆ రోజే గ్రూపులోంచి సారు నంబరు తీసేశాడు.

"సారు ఏడికి పోయిండే?" అని భాస్కర్ అడిగాడు.

"నాకేం ఎరుక? ఆయనే పోయిండు."

మూడో రోజు ఆకాశం తేటగా ఉంది. ఎప్పటిలాగే ఫోన్లు కింద సైకిళ్ల సంచుల్లో పెట్టి, అన్నదమ్ములు చెట్టెక్కే తాళ్లు, మోకులు, నడుముకు వేసుకుని చెరో చెట్టు ఎక్కారు.

పడమటి నుంచి ఎర్రటి దుమ్ము ఒక్కసారిగా మీద పడింది.

"దిగురా భాస్కర్!"

గాలి హోరులో ఆ అరుపు కొమురెల్లికే వినపడలేదు. అతను ఎలాగో దిగాడు. భాస్కర్ పడిపోయాడు.

నడుము విరిగిందని, ఇక నడవడం కష్టమని జగిత్యాల డాక్టరు చెప్పాడు.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని కొమురెల్లి ఫోన్ తీసి చూశాడు. దుమ్ము రావడానికి ముందు, తను తీసేసిన నంబరు నుంచే పదకొండు మిస్డ్ కాల్స్!

సిగ్గు చంపుకుని వారం తర్వాత ఆ నంబరుకు చేశాడు. ఇల్లెక్కడని అడిగితే హైదరాబాద్ అనలేదు, జగిత్యాల పక్కనే ఉన్న గొల్లపల్లి అన్నారు.

రేకుల ఇల్లు. భాగ్య అనే ఆవిడ తలుపు తీసింది.

"శాటిలైట్ సారు ఉన్నడా అక్కా?"

"సార్లెవ్వలు లేరు అన్నా. మా ఇంటాయన ఉన్నడు. లోపలికే రాండ్రి, ఆయన లేచి రాలేడు."

లోపల మంచం మీద, నడుము కింద చచ్చుబడిపోయిన ఒక మనిషి ఆ పూట దుమ్ము ఫోటో మీద వేలితో బాణం గీస్తున్నాడు. అతని తల పైన గోడకు, ఏళ్లుగా ఎవరూ ముట్టని మోకు వేలాడుతోంది.