ఆదివారం మోగని అలారం

వెరోనికా ఆఫీసులోకి రాగానే ఇమ్మాను ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఆమె భర్త జోజి దుర్గ్‌లో ఆస్పత్రి పాలయ్యాడు. వెంటిలేటర్ పెట్టారు. పొద్దున ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో కొలిమి మరమ్మతుకు దిగాడు. గ్యాస్ లీకైంది. సెన్సర్ పసిగట్టింది. అలారం మాత్రం మోగలేదు.

ఆ అలారం ప్రోగ్రాం తయారైంది నెహ్రూ నగర్‌లోని ఈ ఆఫీసులోనే. టీమ్‌కి పెద్ద వెరోనికాయే. ఇమ్మాను, ఏంజెలా ఆమె కింద పనిచేస్తారు.

“ఏటైంది?” అంది.

ఇమ్మాను తలదించుకుని చెప్పాడు. మిల్లులో షిఫ్టు సైరన్ ఆదివారం మోగదు. సైరన్‌నీ, గ్యాస్ అలారాన్నీ అతను ఒకే ఇంటర్‌ఫేస్ కింద విడివిడి క్లాసులుగా, అంటే వేర్వేరు కోడ్ ముక్కలుగా, రాశాడు. మోగాలన్నదొక్కటే రెండింటికీ ఉమ్మడి ఒప్పందం. ఎప్పుడు మోగాలో దేనిది దానిదే. శుక్రవారం, డెలివరీ హడావిడిలో అందరూ వందల ఫైళ్లు ముట్టుకున్నారు. రాసిందే మళ్లీ రాయడమెందుకని ఎవరో అలారాన్ని సైరన్‌కి పిల్ల క్లాసుగా మార్చేశారు. తల్లి క్లాసుకున్న ఆదివారం సెలవు పిల్లకీ వచ్చేసింది.

ఇవాళ ఆదివారం.

“ఎవరు మార్చేరు?”

ఏంజెలా మంచినీళ్లు అందించింది. వెరోనికా గ్లాసు తోసేసింది.

“ఛోడో దీదీ, వదిలీండి,” అన్నాడు ఇమ్మాను. “ముందు ఆస్పత్రికి ఎల్దాం.”

“పేరు చెప్పందే కదల్ను. ఎవరు ఏటి మార్చేరో హిస్టరీలో ఉంటాది కదా. తెరువు.”

అతను మూత మీద నుంచి చెయ్యి తీయలేదు.

వెరోనికా ఏంజెలా వైపు తిరిగింది. ఆరు నెలల క్రితం తానే ఏరికోరి ఉద్యోగంలోకి తీసుకున్న పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

“నేనే, దీదీ,” అంది ఏంజెలా.

వెరోనికా తిట్టలేదు. ప్రింటర్‌లోంచి తెల్లకాగితం లాగి పోలీసులకు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. జోజికి ఏమైనా అయితే నిన్ను జైల్లో చూడందే నిద్రపోనంది. ఏంజెలా పేరు రాసింది. తండ్రి పేరు అడిగింది. ఆ పిల్ల చెప్పింది. రిసాలిలోని ఇంటి చిరునామా కూడా చెప్పింది.

ఇమ్మాను లేచి వచ్చి కాగితం మీద చెయ్యి పెట్టాడు.

“ఆ పేరు కొట్టీండి దీదీ. అది అబద్ధమాడతంది.”

ల్యాప్‌టాప్ తెరిచాడు. తెరను ఆమె వైపు తిప్పలేదు. తానే చదివాడు.

“శుక్రవారం సాయంత్రం, ఆరుంబావుకి, మార్చింది వెరోనికా.”