నెమలి ఆటకి నక్క టికెట్టు

నెమలి ఆటకి "టికెట్టు ఒక్క వేరుశెనక్కాయ" అని నక్క బోర్డు పెట్టింది. కుందేలు గంతులేస్తూ వచ్చి కాయ ఇచ్చింది.

"తోక లోపలికి తెస్తే ఇంకోటి. కూర్చుంటే రెండు. నాతో మాట్లాడినందుకు ఒకటి," అంది నక్క.

"నాకు తోకెక్కడుంది బావా, బొడిపె తప్ప!"

"అందుకే ఒకటితో సరిపెట్టా."

కుందేలు ఏడుస్తూ వెళ్లి అడవికి పెద్దైన ఏనుగుతో చెప్పింది.

"మొత్తం ధర ముందే బోర్డు మీద రాయి. లేదంటే తొక్కేస్తా," అంది ఏనుగు.

నక్క గొణుక్కుంటూ "ఐదు కాయలు" అని రాసింది.

సాయంత్రం నెమలి ముస్తాబై వచ్చి, బోర్డు చూసి ఆగిపోయింది.

"ఐదా! మరి నా చేతిలో టికెట్టుకి సగం కాయే పెడుతున్నావేం?"

ఆ సాయంత్రం నెమలి పొడుస్తూ తరిమింది, నక్క అడవంతా పరిగెత్తింది. ఆ ఆటకి టికెట్టు లేదు.