చక్రవర్తి వెనక చేపల బండి

"చక్రవర్తి చచ్చిపోయాడు. బట్ ఎవరికీ చెప్పలేదు," అంది రియా, చార్ట్ మీద తను గీసిన రథాన్ని పెన్సిల్‌తో చూపిస్తూ.

"దాచేస్తే శవం కంపు కొట్టదేటే?" అంది నానమ్మ.

నానమ్మ అప్పలనరసమ్మ రెండో తరగతితోనే బడికి దండం పెట్టిన మనిషి. అయితేనేం, ఏ కథైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, చెప్పినవాళ్ల కంటే బాగా తిరిగి చెప్పేది. ఆరో తరగతి చదివే రియాకి సోమవారం బడిలో చైనా చిన్ వంశం మీద ప్రెజెంటేషన్. అందుకని అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంట్లో వారం రోజులుగా అన్నం ముద్ద ముద్దకీ చైనా రాజే.

"కొట్టింది. సమ్మర్ కదా, ప్రయాణంలో పోయాడు. సో, మంత్రులు రథం వెనకాల ఎండుచేపల బండ్లు పెట్టించారు. చేపల స్మెల్ అనుకుని ఎవరూ అడగలేదు."

నానమ్మ కడుపుబ్బా నవ్వింది. "బుర్రున్న మంత్రులే," అంది.

అంతలో రియా నాన్న జగదీష్ ఉత్తరం ఒకటి పట్టుకుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చున్నాడు. కాలనీ అసోసియేషన్ పంపిన నోటీసు అది. శనివారం శనివారం మీ గ్యారేజీలోంచి వచ్చే ఎండుచేపల వాసన భరించలేకపోతున్నామని, వెంటనే ఆపాలని దాని సారాంశం.

వాళ్లన్నదీ అబద్ధం కాదు. శనివారం తెల్లారితే చాలు, నానమ్మ గ్యారేజీ తలుపు సగం పైకెత్తి, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుని నెత్తళ్ళు వేయించేది. భీమిలి నుంచి చెల్లెలు పంపే ఆ నెత్తళ్ళ పొట్లాన్ని ఇంకొకరి చేత ముట్టనిచ్చేది కాదు, ముళ్ళు గుచ్చుకుంటాయనేది. బటన్ నొక్కితే వెలిగే స్టవ్వే అయినా ఆవిడకి అగ్గిపెట్టె కావాల్సిందే. ఇంట్లో గలగలా మోగే మనిషి, ఆ మూకుడు ముందు మాత్రం గంటసేపు మూగనోము పట్టేది. ఏం అడిగినా తలాడించడమే. వంట దగ్గర మాట్లాడితే తుంపర్లు పడతాయట. ఇక గ్యారేజీ గోడకి తగిలించిన కోడలు విద్య చలికోటుకి ఆ వాసన వారమైనా వదిలేది కాదు.

"అమ్మా, ఇంక వద్దమ్మా. వాళ్లతో గొడవెందుకు?" అన్నాడు జగదీష్.

నానమ్మ చీర కొంగు నడుముకి దోపుకుంది. రియా పెన్సిల్ కింద పెట్టేసింది. నానమ్మ కొంగు దోపిందంటే మామూలుగా వదలదని ఆ పిల్లకి తెలుసు.

"ఒరే జగ్గా. నీ దేశం వచ్చినకాడి నుంచి నానేటి మానలేదురా? వీధరుగు మానీసినాను. వక్క మానీసినాను. నువ్వు ఒట్టేయించుకున్నావని, పదేళ్ల పిల్లప్పటి నుంచి నిప్పు నోట్లో పెట్టి కాల్చిన చుట్ట మానీసినాను. ఈ ఎండుచేప మటుకు మాననురా. అసోసియేషనోళ్లు కాదు, ఆళ్ల బాబొచ్చి చెప్పినా మానను."

"రూల్స్ అమ్మా."

"రూల్సు. చెత్తబుట్ట రోడ్డు మీద ఉందని ఒక కాయితం వచ్చింది, తలొంచినావు. దీపావళి దీపాల తీగ తియ్యలేదని ఇంకోటి, మళ్లీ వంచినావు. ఇంకెంత వంచుతావురా, నేలకి తగిలేదాకానా? ఒలే రియా, ఆ వానలో ఇరుక్కున్న కూలోళ్ల కథ మీ నాన్నకి చెప్పు."

రియా లేచి నిలబడింది. ఆరు రాజ్యాల్ని మింగి, గోడలు కట్టించి, పుస్తకాలు తగలబెట్టించిన చిన్ చక్రవర్తి పోయాక, మరుసటి ఏడాదే తొమ్మిది వందల మంది కూలీలు వానకి దారిలో చిక్కుకుపోయారని చెప్పింది. లేటుగా వెళ్తే చట్టం ప్రకారం తల తీసేస్తారు. తిరగబడినా తీసేస్తారు.

"సో, తిరగబడ్డారు నాన్నా. మొత్తం పదిహేనేళ్లకే ఎంపైర్ ఫినిష్."

"విన్నావా? బట్ట మరీ బిగించి కడితే చిరుగుతాదిరా, రాజ్యమైనా అంతే," అంది నానమ్మ.

జగదీష్ ఆ నోటీసు మడిచి పక్కన పెట్టాడు. కార్ల కంపెనీలో పదకొండేళ్లుగా ఎవరేమన్నా ఓకే ఓకే అని నెట్టుకొస్తున్నవాడు. లాప్‌టాప్ తెరిచి, ఏం రాయమంటావో చెప్పమన్నాడు.

నానమ్మ చెప్పింది, అతను ఇంగ్లీషులోకి మార్చాడు. ఇది మా తిండి. మీరు పెరట్లో మాంసం కాలిస్తే మేం ఏనాడూ ముక్కు మూసుకోలేదు. శనివారం ఒక గంట మా గ్యారేజీలో మా వంట వండుకుంటాం, హియరింగ్ పెట్టండి, వస్తాం. అడుగున నానమ్మ తన పేరు తెలుగులో, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. పంపేశాక కొడుకు భుజం తట్టి, "ఇప్పుడు నా కొడుకనిపించావు," అంది. జగదీష్‌కి నవ్వొచ్చింది. నాన్న భుజాలు అంత నిటారుగా ఉండటం రియా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు శనివారం. నాన్నే స్వయంగా స్టవ్ గ్యారేజీలోకి మోసుకెళ్లి పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి రియా చార్ట్ చంకలో పెట్టుకుని వెళ్లేసరికి గ్యారేజీ నిండా నెత్తళ్ళ పొగ. నానమ్మ రెండు చేతులా మూకుడు తిప్పుతోంది. మూగనోము మొదలైపోయింది.

"నానమ్మా, ఒక్క డౌట్. దారిలో ఆ చేపల బండి సీక్రెట్ ఎవరూ పట్టుకోలేదా?"

నానమ్మ అడ్డంగా తలాడించింది.

"తలాడిస్తే కాదు, నోటితో చెప్పు. వై? టీచర్ అడుగుతుంది."

నానమ్మ ఇంట్లోకి వెళ్లే తలుపు వైపు ఓసారి చూసింది. గట్టిగానే మూసి ఉంది. మూకుడు దించింది.

మనవరాలికి జవాబు చెప్పడానికి, నోట్లోంచి వెలుగుతున్న చుట్ట బయటికి తీసింది.