రేడియో అని రాసుకోండ్రి

"లైసెన్సు చూపించు," అన్నాడు రేడియో ఇన్‌స్పెక్టర్, సైకిలుకు స్టాండు వేస్తూనే.

కండెలు చుడుతున్న గోపమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది. లైసెన్సు లేకుండా రేడియో పెట్టుకుంటే పెట్టె జప్తు చేస్తారని, జైల్లో కూడా వేస్తారని ఆమె విని ఉంది. మగ్గం గుంటలో కూర్చున్న ఆమె మొగుడు జానయ్యకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. నింపాదిగా లేచి వచ్చాడు.

"లైసెన్సు లేదు సార్. రేడియో ఉన్నది."

గూట్లోంచి చిన్న చెక్కపెట్టె తెచ్చి ముందు పెట్టాడు. చీరెలు అమ్ముకోవడానికి హైదరాబాదు పోయినప్పుడు విడి సామాను కొనుక్కొచ్చి, కాగితం మీద బొమ్మ చూస్తూ తనే బిగించుకున్నాడు. లోపలి గొట్టానికి రాగితీగ ఆయన చుడితే మెలికలు పడింది. చివరికి గోపమ్మే ముందుకొచ్చి, వరస మీద వరస ఎక్కకుండా చుట్టి ఇచ్చింది.

"బ్యాటరీ ఏదీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లేదు."

"కరెంటు?"

"ఊర్లనే లేదు సార్."

"మరి ఎట్లా పలుకుతుందయ్యా?"

"ఇంటి మీది తీగె గాలిలకెల్లి గుంజుకుంటది. గీ చెవిడబ్బలు పెట్టుకుంటే ఇనొస్తది."

అప్పటికే వాకిలి నిండా జనం. అందరికంటే ముందు సావుకారి బుచ్చయ్య. ఊళ్లో బ్యాటరీ రేడియో ఆయన ఒక్కడి ఇంట్లోనే ఉంది. ఆయన పెడితే వినాలి, కట్టేస్తే లేచి పోవాలి. బ్యాటరీ లేనిది రేడియోనే కాదని ఆయన ఎప్పుడో తీర్పు చెప్పేశాడు. ఊరంతా ఆయన ఇచ్చే నూలు మీద బతికేదే కదా, జానయ్య ఇంట్లో చక్కగా పాటలు విన్నవాళ్లు కూడా బుచ్చయ్య ముందుకు పోయి ఏమీ వినపడలేదన్నారు. ఆ మాట తెలిసిన రోజు జానయ్య అన్నం ముట్టలేదు.

ఇన్‌స్పెక్టరుకు చెప్పింది ఈ ముసలోడే అనుకుని గోపమ్మ పళ్లు నూరింది.

"పెద్దమనిషి, మీరు చెప్పండి. ఇది రేడియోనా?" అని ఇన్‌స్పెక్టర్ ఆయన్నే అడిగాడు.

బుచ్చయ్య కిసుక్కున నవ్వాడు. "యాడి రేడియో సార్. పోరగాండ్లు ఆడుకునే డబ్బ. కాలీ కుండ చెవి కాడ పెట్టుకున్నా గంత మోత ఇనొస్తది."

జనం గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, తీసిన కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకోబోయాడు. గోపమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

జానయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "రేడియోనే సార్. రాసుకోండ్రి."

"నీకేమన్న పిచ్చి లేసిందా అయ్యా," అని గోపమ్మ ఆయన అంగీ పట్టి గుంజింది. "ఆట డబ్బ అను. ఇడిసిపెడ్తడు."

"సచ్చినా అన."

"ఆ పెద్దమనిషి నిన్ను కాపాడుతున్నాడయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేడియో అంటే నేను జప్తు చెయ్యాల్సి వస్తుంది."

"చెయ్యండ్రి. గని రేడియో అని రాసి తీస్కపోండ్రి. డబ్బ అంటే మాత్రం ముట్టనియ్య."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ చెవిడబ్బలు తగిలించుకున్నాడు. ఏదో అనబోయిన బుచ్చయ్యను చెయ్యెత్తి ఆపాడు. అక్కడే గుంట గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన తల మెల్లగా ఊగింది. గోపమ్మ గట్టిగా దగ్గితేగాని ఈ లోకంలోకి రాలేదు.

"రేడియోనే," అన్నాడు అందరికీ వినపడేట్టు. "మా ఇంట్లోదాని కంటే నిమ్మళంగా పాడుతోంది."

జనంలో ఒక్కరూ నవ్వలేదు. దండుగ కట్టి, లైసెన్సు తీసుకుని పెట్టె విడిపించుకోమని చెప్పి, ఇన్‌స్పెక్టర్ దాన్ని సైకిలు వెనక కట్టసాగాడు. తన చేత్తో చుట్టిన తీగ అట్లా పోతుంటే గోపమ్మకు కడుపు మండిపోయింది. భయం ఎటు పోయిందో పోయింది.

"జర పైలంగ కట్టు సార్, గది కట్టెల మోపు కాదు," అని, గిర్రున బుచ్చయ్య వైపు తిరిగింది. "కండ్లు సల్లవడ్డయా సావుకారీ?"

"నా మీదికొస్తవేందమ్మా? నేను డబ్బ అనే అంటి గద," అన్నాడు బుచ్చయ్య, మొహం మాడ్చుకుని.

అదీ నిజమే. గోపమ్మ ఇన్‌స్పెక్టరునే పట్టుకుంది. "మరి ఎవడు జెప్పిండు సార్ మీకు?"

"లైసెన్సులిచ్చే పోస్టుమాస్టరుకు ఎవరో పనిగట్టుకుని వచ్చి చెప్పారటమ్మా. మీ ఊరి మనిషేనట," అంటూ ఆయన సైకిలెక్కాడు.

"వాని నోట్ల మన్నువడ," అని గోపమ్మ వాకిట్లో నిలబడి, ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ అందుకుంది. "వాని నాలుక పడిపోను. వాడు..."

"తిట్టకే గోపమ్మా," అన్నాడు జానయ్య. "పోయి చెప్పొచ్చింది నేనే."