పలకని సెన్సర్

బాపట్ల హేచరీలో రొయ్యపిల్లలన్నీ చచ్చి తేలాయి. నీటి వేడిని చూసుకునే మిషన్ తెర మీద మాత్రం ఉండాల్సిన ఇరవైతొమ్మిది డిగ్రీలే.

"ముట్టుకుంటే నీళ్లు కాలుతున్నాయమ్మా," అన్నాడు యజమాని ఏసుపాదం.

ఆ మిషన్ చేసిన కంపెనీ తరఫున తెనాలి నుంచి వచ్చిన ఇంజనీరు లాస్య వెటకారంగా నవ్వింది. "చెయ్యి పెట్టి వేడి కొలుస్తారా బాబాయ్ గారూ?"

ల్యాప్‌టాప్ తగిలించి, సెన్సర్ ఏమంటోందో నేరుగా మిషన్‌ను నడిపే మూల ప్రోగ్రాం అయిన కెర్నెల్‌నే అడిగింది. అసలు సెన్సరే కనబడటం లేదని జవాబొచ్చింది.

"తీగ మీ వాళ్లే తెంపుంటారు!"

"మరి ఆ ఇరవైతొమ్మిది ఎవరు చెప్తున్నారమ్మా?"

లాస్య ప్రోగ్రాం తెరిచింది. సెన్సర్ పలకకపోతే ఇరవైతొమ్మిది చూపించమని అందులో ఒక వరుస ఉంది.

"ఏ వెధవ రాశాడో!" అని ఈసడిస్తూ రాసినవారి పేరు వెతికింది.

నిరుడు సెన్సర్ లేకుండానే మిషన్‌ను కొనేవాళ్లకు చూపించిన డెమో రోజు తేదీ పక్కన తన పేరే ఉంది.

ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆయన వైపు తిప్పింది. "నేనేనండి," అంది.