రెండు చుట్లు

“మళ్ళీ గేరు పేచీ పెట్టిందా?” అన్నాడు సైకిల్ షాపు బాబాయి, చదువుతున్న పేపరు మడిచి పక్కన పెడుతూ.

“అవునండీ. ఒక గేరు వేస్తే ఇంకో గేరు పడుతోంది,” అన్నాడు కళ్ళద్దాలాయన, నేరం ఒప్పుకుంటున్నట్టుగా.

ఆ వీధి చివర కళ్ళజోళ్ళ షాపు అతనిది. ముప్పై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. వచ్చినవాళ్ళ చూపులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తాడు గాని, ఎదుటి మనిషి మొహం చూసి మనసులో ఏముందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

“స్టాండుకి ఎక్కించండి,” అంది మెకానిక్, తలెత్తకుండానే. ఆమె బాబాయికి అన్నగారి కూతురు. షాపులో పనంతా ఆమెది, మాటలన్నీ బాబాయివి.

ఆమె పెడలు తిప్పుతూ కాసేపు చెవి పెట్టి వింది. వెనక చక్రం దగ్గర గేరు వైరు వచ్చి కలిసేచోట ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వేళ్ళతోనే బిగించింది.

“రెండు చుట్లు వదులైంది. పోయినసారీ రెండే.”

“గతుకుల రోడ్డు కదండీ.”

“ఎక్కడ? మీ ఇల్లు మీ షాపు మేడమీదే కదా.”

“పొద్దున్నే ఊరవతల మట్టిబాటలో తొక్కుతారే, వ్యాయామానికి,” అని బాబాయే అడ్డుపడ్డాడు. కళ్ళద్దాలాయన ఊపిరి పీల్చుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, సైకిల్ షాపుకి ముందున్న మలుపులో, మందుల షాపు గోడ పక్కన సైకిలు ఆపి, ఆ స్క్రూని రెండు చుట్లు వదులు చేసేది అతనే. మొట్టమొదటిసారి అది నిజంగానే వదులైంది. ఆ రోజు బాబాయి అన్న ఏదో మాటకి ఆమె నవ్వింది. అప్పట్నించీ అది మానకుండా వదులవుతూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆమెతో ఒక మాట చెబుదామనే వస్తాడు. ఆ మాట గొంతు దాటదు. ఈ స్క్రూ తప్ప ఆ షాపులో అడుగు పెట్టడానికి అతనికి ఇంకో దారి లేదు.

బాబాయి లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

“ఇదిగో, సీల్డ్ కేబులు. ఈ చివర్నించి ఆ చివరిదాకా వైరుకి తొడుగు, రెండు కొసలకీ రబ్బరు టోపీలు. చుక్క నీరు పోదు, రవ్వంత దుమ్ము పోదు. వేయించుకున్నారంటే రెండేళ్ళు గేరు గొడవ ఉండదు.”

కళ్ళద్దాలాయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఖరీదెక్కువేమోనండీ.”

“ఎక్కువే.”

“రంగు కూడా నా సైకిలుకి నప్పదేమో.”

“నలుపండీ బాబూ. నలుపు దేనికైనా నప్పుతుంది.” బాబాయి తన కళ్ళజోడు తీసి ఊపాడు. “ఈ గీతలు పడని అద్దాలు నాకు అంటగట్టినప్పుడు మీరేమన్నారు? ‘ఒక్కసారి మంచిది పెట్టించుకోండి, మళ్ళీ మా షాపు మొహం చూడక్కర్లేదు’ అన్నారా లేదా? నేనప్పుడు రంగు నప్పదన్నానా?”

తన మాటలే ఎదురొచ్చాయి. దిక్కుతోచక ఆమె వైపు తిరిగాడు.

“మీరేమంటారు?”

“వానలో, బురదలో రోజంతా తొక్కేవాళ్ళకి పనికొస్తుంది. తక్కినవాళ్ళకి మామూలుది చాలు. అప్పుడప్పుడూ మార్చుకుంటే సరి.”

ప్రాణం లేచొచ్చింది. “మరి నాకు?”

ఆమె మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“మీది ఇన్నిసార్లు పాడవుతోంది కదండీ. వేయించేసుకోండి.”

ఇంత ఇదిగా వదిలించుకోవాలని చూస్తోందా అనిపించింది అతనికి. సరేనన్నాడు.

ఆమె పాత వైరు లాగేసి కొత్తది ఎక్కించింది. కొసలకి రబ్బరు టోపీలు తొడిగింది. కొత్త వైరు సాగుతుందని ముందే గట్టిగా లాగి, అప్పుడు బిగించింది. ఒక్కొక్క గేరూ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసింది. టకటకా పడుతున్నాయి. అంత చక్కగా పడుతుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“మా పిల్ల బిగించిందంటే ఇంక తిరుగులేదు,” అన్నాడు బాబాయి. “ఇన్నేళ్ళలో వెంటనే వెనక్కొచ్చిన బండి మీదొక్కటే. దాంతో మా పరువు పోతోంది. ఇంక రెండేళ్ళదాకా మీరీ గుమ్మం తొక్కక్కర్లేదు. రండి, చిల్లర ఇస్తాను.”

బాబాయి సొరుగులో చిల్లర వెతుకుతుంటే, ఆమె సైకిలుని స్టాండు మీంచి దించి తనే వీధిలోకి నడిపించుకెళ్ళింది. అతను బయటికొచ్చేసరికి గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు. నోరు తెరిచాడు.

“చాలా బాగా బిగించారండీ,” అన్నాడు.

“వెళ్ళి రండి,” అంది ఆమె.

ఆ మాట ఆమె అందరితోనూ అంటుంది. అతను దాన్నే మనసులో తిప్పుకుంటూ, వెనక్కి చూడాలన్న ఆశని అదుపులో పెట్టుకుంటూ తొక్కాడు. రెండేళ్ళలో ఏమైనా జరగొచ్చు. ఆమెకి ఎక్కడో సంబంధం కుదరొచ్చు, ఈ పిరికివాడు అద్దాలు తుడుచుకుంటూ ఉండిపోవచ్చు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మందుల షాపు మలుపు దగ్గర రోడ్డు కాస్త ఎత్తు. గేరు మార్చాడు. గొలుసు గరగరలాడి, ఎగిరి పక్క పళ్ళచక్రం మీద పడింది.

గోడ పక్కన ఆపి దిగాడు. వైరు తొడుగు చూశాడు, బాగానే ఉంది. రబ్బరు టోపీలు చూశాడు, ఎక్కడివక్కడే ఉన్నాయి. అలవాటుగా చెయ్యి ఆ చిన్న స్క్రూ మీదికి పోయింది. బిగించాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. చక్రం ఎత్తి పెడలు తిప్పితే గేరు టక్కుమని సరిగ్గా కూర్చుంది.

ఈసారి దాన్ని వదులు చేసింది అతను కాదు.